ఫ్యూయల్ ట్రిమ్, ఆక్సిజన్ సెన్సర్

పెట్రోల్ ఇంజిన్‌కు ఎంత ఇంధనం పోయాలో దాని కంప్యూటర్, అంటే ఈసీయూ, ముందుగానే లెక్కగడుతుంది. ఎగ్జాస్ట్‌లో బిగించిన ఆక్సిజన్ సెన్సర్ ఇచ్చే సమాచారాన్ని బట్టి ఆ లెక్కకు చేసే హెచ్చుతగ్గులను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. దీన్ని శాతాల్లో చెబుతారు. సున్నా ఉంటే మొదటి లెక్క సరిపోయిందని అర్థం. ప్లస్ 10 ఉంటే లెక్కకన్నా పదోవంతు ఎక్కువ పోయవలసి వస్తోందని, మైనస్ 10 ఉంటే అంత మేర తగ్గించవలసి వస్తోందని అర్థం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కార్లకూ ఇదే పద్ధతి. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అదనపు గాలితోనే నడుస్తుంది కాబట్టి ఈ అర్థంలో ట్రిమ్ దానికి వర్తించదు.

ఆక్సిజన్ సెన్సర్‌కు పెట్రోల్ కనిపించదు. కాలిన వాయువుల్లో ఆక్సిజన్ ఎంత మిగిలిందన్నదే దానికి తెలుస్తుంది. ఆ మిగులును చూసి ఇంధనం ఎక్కువైందో తక్కువైందో ఈసీయూ ఊహిస్తుంది. రీడింగులను తప్పుగా చదవడానికి చాలాసార్లు కారణం ఈ సంగతి మరచిపోవడమే.

గాలి, ఇంధనాల నిష్పత్తి

ఎథనాల్ కలపని పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎథనాల్‌కు 9 గ్రాములు చాలు, సీఎన్‌జీకి 17 గ్రాముల పైచిలుకు కావాలి. ఇంధనాన్ని బట్టి అంకె మారుతుంది కాబట్టి ఇంజనీర్లు లామ్డా అనే కొలతను వాడతారు. ఇంజిన్‌లోకి వచ్చిన గాలిని, ఆ ఇంధనానికి సరిగ్గా కావలసిన గాలితో భాగిస్తే వచ్చేదే లామ్డా. ఏ ఇంధనానికైనా సరైన మిశ్రమం దగ్గర దాని విలువ 1. అంతకన్నా ఎక్కువుంటే గాలి ఎక్కువైన ‘లీన్’ మిశ్రమం, తక్కువుంటే ఇంధనం ఎక్కువైన ‘రిచ్’ మిశ్రమం.

లామ్డాను 1 దగ్గరే పట్టి ఉంచడానికి కారణం క్యాటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూతలున్న త్రీ-వే కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్‌నూ కాలని హైడ్రోకార్బన్లనూ ఆక్సీకరిస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను విడదీస్తుంది. మిశ్రమం కాస్త లీన్ అయితే రెండో పని కుంటుపడుతుంది, కాస్త రిచ్ అయితే మొదటిది. రెండూ సాగే మేర చాలా ఇరుకు. ఇంజిన్ బలం కోసమే అయితే లామ్డా 0.9 ప్రాంతంలో నడపడం మేలు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లు అలాగే చేస్తాయి.

చరిత్ర

వేడెక్కిన జిర్కోనియా ఆక్సిజన్ అయాన్లను తన గుండా పోనిస్తుంది. ఇరువైపులా ఆక్సిజన్ గాఢతలు వేరైతే ఎంత వోల్టేజీ పుడుతుందో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ఇచ్చిన సమీకరణం చెబుతుంది. రసాయన శాస్త్రంలో 1920 నోబెల్ బహుమతి పొందినది ఈయనే. ఈ సూత్రాన్ని కార్లలోకి తెచ్చిన ఒత్తిడి అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం నుంచి, అందులోనూ కాలిఫోర్నియా నిబంధనల నుంచి వచ్చింది. బాష్ కంపెనీ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సర్‌ను, అంటే లామ్డా సెన్సర్‌ను, త్రీ-వే కన్వర్టర్‌తో జతచేసి వోల్వో 1976లో, 1977 మోడల్ 240 శ్రేణి కార్లతో కాలిఫోర్నియా మార్కెట్‌లోకి తెచ్చింది.

తొలి సెన్సర్లు ఎగ్జాస్ట్ వేడి మీదే ఆధారపడేవి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక చాలాసేపటి వరకూ, ఐడ్లింగ్‌లో ఎక్కువసేపు నిలిపినప్పుడూ అవి చల్లబడి పలికేవి కావు. 1980లలో లోపల హీటర్ అమర్చిన సెన్సర్లు రావడంతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. లామ్డా విలువను అంకెగా కొలవగల వైడ్‌బ్యాండ్ సెన్సర్లు 1990లలో వచ్చాయి. లీన్ మిశ్రమంతో నడిచే 1992 మోడల్ హోండా సివిక్ వీఎక్స్ తొలి ఉదాహరణల్లో ఒకటి.

ట్రిమ్‌ను అంకెగా చదివే వీలు డిజిటల్ కంప్యూటర్లతో వచ్చింది. 1980లలో జనరల్ మోటార్స్ కార్లలో తాత్కాలిక సవరణను ఇంటిగ్రేటర్ అనీ, నేర్చుకున్న సవరణను బ్లాక్ లెర్న్ అనీ పిలిచేవారు. అవి 0 నుంచి 255 వరకు ఉండే అంకెలు. 128 అంటే సవరణ లేనట్టు. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ ప్రమాణం తప్పనిసరి కావడంతో అన్ని కంపెనీలూ ఒకే రకం సాకెట్, ఒకే పేర్లు, ఒకే శాతం లెక్క పాటించవలసి వచ్చింది.

మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తప్పనిసరి చేశారు. సీసం కన్వర్టర్‌నూ సెన్సర్‌నూ రెండింటినీ పాడుచేస్తుంది కాబట్టి దానితోపాటే ఆ నగరాల్లో సీసం లేని పెట్రోల్ కూడా వచ్చింది. 2000 నుంచి దేశమంతటా అదే అమ్ముతున్నారు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాల్లోని బీఎస్-4 మొదలైన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. దేశమంతటికీ అది 2017లోనూ, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచీ అమలయ్యాయి. బీఎస్-6తో మోటార్‌సైకిళ్లకూ, స్కూటర్లకూ ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ మామూలయ్యాయి.

ఆక్సిజన్ సెన్సర్ రకాలు

నారోబ్యాండ్ సెన్సర్: ఇట్రియా కలిపిన జిర్కోనియా గొట్టం లేదా పలక దీని ముఖ్యభాగం. దానికి రెండు వైపులా ప్లాటినం పూత ఉంటుంది. ఒక వైపు బయటి గాలి, రెండో వైపు ఎగ్జాస్ట్ వాయువు తగులుతాయి. మిశ్రమం రిచ్ అయితే ప్లాటినం మీద మిగిలిన ఆక్సిజన్ కూడా ఖర్చయిపోయి 0.8, 0.9 వోల్టుల దాకా వస్తుంది. లీన్ అయితే 0.1 వోల్టు ప్రాంతానికి పడిపోతుంది. లామ్డా 1 దగ్గర ఈ మార్పు నిట్టనిలువుగా జరుగుతుంది. అందువల్ల 0.45 వోల్టులకు అటా, ఇటా అన్నది మాత్రమే ఈ సెన్సర్ నమ్మకంగా చెప్పగలదు, ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది చెప్పలేదు. ఇది పనిచేయాలంటే కనీసం 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. చాలా సెన్సర్లలో పోలిక కోసం కావలసిన బయటి గాలి వైర్ల తొడుగుల్లోంచే లోపలికి చేరుతుంది. కనెక్టర్‌లో గ్రీజు పూయవద్దనీ, వైర్లను టంకం వేసి అతకవద్దనీ తయారీదారులు చెప్పేది ఇందుకే.

వైడ్‌బ్యాండ్ సెన్సర్: ఇందులో రెండు జిర్కోనియా అరలుంటాయి. ఒకటి కొలుస్తుంది, రెండోది ఆక్సిజన్‌ను లోపలికో బయటికో పంపుతుంది. కొలిచే అర దగ్గర ఎప్పుడూ 0.45 వోల్టులే నిలిచేలా ఈసీయూ పంపు కరెంటును మారుస్తుంది. ఆ కరెంటు దిశను, పరిమాణాన్ని బట్టి లామ్డా ఎంతో తెలుస్తుంది. దీని వోల్టేజీ, ఓబీడీ-2 సాకెట్‌కు తగిలించి చదివే స్కానర్‌లో నారోబ్యాండ్‌లా పైకీ కిందికీ ఊగదు. కొన్ని టొయోటా కార్లలో సరైన మిశ్రమం దగ్గర 3.3 వోల్టులు చూపుతుంది, అక్కడ వోల్టేజీ పెరిగితే లీన్. నారోబ్యాండ్ అలవాటుతో దీన్ని చూసినవారు రిచ్ అనుకోవడం మామూలే. పాత కార్లు కొన్నింటిలో టైటానియా సెన్సర్లు ఉండేవి. అవి వోల్టేజీ పుట్టించవు, వాటి విద్యుత్ నిరోధం మారుతుంది.

స్థానాలను బట్టి వీటికి అంకెలుంటాయి. ఒకటో సిలిండర్ ఉన్న వైపు బ్యాంక్ 1. కన్వర్టర్‌కు ముందున్నది సెన్సర్ 1, తరువాతిది సెన్సర్ 2. మన నాలుగు సిలిండర్ల కార్లలో సాధారణంగా బ్యాంక్ ఒక్కటే.

ఫ్యూయల్ ట్రిమ్ పనితీరు

ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొలిచిన గాలిని గానీ, మానిఫోల్డ్‌లోని ఒత్తిడి, ఇంజిన్ వేగం, గాలి ఉష్ణోగ్రతల నుంచి అంచనా వేసిన గాలిని గానీ తీసుకుని, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, దిగుడులో కాలు తీసి ఇంధనం ఆగిపోయినప్పుడు సెన్సర్ మాటను పట్టించుకోదు. దీన్ని ఓపెన్ లూప్ అంటారు. ఇంజిన్ వేడెక్కి మామూలుగా నడుస్తున్నప్పుడు క్లోజ్డ్ లూప్‌లోకి వస్తుంది, సెన్సర్‌ను బట్టి సవరిస్తుంది.

ఈ సవరణ రెండు అంచెల్లో జరుగుతుంది. షార్ట్ టర్మ్ ట్రిమ్ అప్పటికప్పుడు మారేది. నారోబ్యాండ్ లీన్ అన్నంతసేపూ ఇంధనం పెంచుతూ పోయి, రిచ్ అనగానే తగ్గించడం మొదలుపెడుతుంది. అందుకే ఆ అంకె ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది, ఊగడమే ఆరోగ్యం. ఆ ఊపు సగటు ఒక వైపే నిలిచిపోతే లాంగ్ టర్మ్ ట్రిమ్ మెల్లగా అటు జరిగి భారాన్ని తన మీద వేసుకుంటుంది, షార్ట్ టర్మ్ మళ్లీ సున్నా చుట్టూ ఆడుతుంది. ఇంజెక్టర్ 3 మిల్లీసెకన్లు తెరవాలని మొదటి లెక్క అయితే, మొత్తం ట్రిమ్ ప్లస్ 10 ఉన్నప్పుడు 3.3 మిల్లీసెకన్లు తెరుస్తుంది.

లాంగ్ టర్మ్‌ది ఒకే అంకె కాదు. ఇంజిన్ వేగం, భారం బట్టి గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో విలువ దాచుకునే కార్లు చాలా ఉన్నాయి. స్కానర్ చూపేది ఆ క్షణాన వాడుతున్న గడి విలువను మాత్రమే. బ్యాటరీ తీసినా, ఈసీయూ దాచిన లోపం కోడ్ చెరిపినా చాలా కార్లలో ఇవన్నీ సున్నాకు వచ్చి మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటాయి. అలా చెరిపిన గంటలోనే లాంగ్ టర్మ్ సున్నా ఉందని సంతోషించడంలో అర్థం లేదు.

స్కానర్ అంకెలు

ఓబీడీ-2లో ట్రిమ్ ఒక బైట్‌గా వస్తుంది. ఆ విలువను 100తో గుణించి, 128తో భాగించి, అందులోంచి 100 తీసివేస్తే శాతం వస్తుంది. ఇక్కడా మధ్యబిందువు 128. ఒక్కో మెట్టు 0.78 శాతం. చవక స్కానర్‌లోనైనా 0.78, 1.56, 2.34 వంటి వింత అంకెలే కనిపించడానికి కారణం ఇది. అంటే దశాంశాల దగ్గర ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

చూడవలసింది షార్ట్, లాంగ్ రెండింటి మొత్తం. లాంగ్ ప్లస్ 12, షార్ట్ మైనస్ 10 ఉంటే ఇంజిన్‌కు ఇప్పుడు కావలసిన సవరణ ప్లస్ 2 మాత్రమే. లోపం ఇటీవలే సరిచేసి ఉంటారు, లాంగ్ టర్మ్ ఇంకా పాత పాఠం మీదే ఉంది. మొత్తం 5 శాతం లోపు మంచిది, 10 వరకు చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు. 20, 25 శాతాల ప్రాంతంలో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. కచ్చితమైన హద్దు కంపెనీని బట్టి మారుతుంది. బ్యాంక్ 1లో లీన్‌కు పి0171, రిచ్‌కు పి0172, బ్యాంక్ 2లో వరుసగా పి0174, పి0175 కోడ్‌లు. కోడ్ పడిన క్షణంలోని వేగం, భారం, ట్రిమ్‌లను ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాస్తుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది కనుక ముందు రాసిపెట్టుకోవాలి.

రీడింగులను చదివే తీరు

ఒక్క అంకె దాదాపు ఏమీ చెప్పదు. ఐడ్లింగ్‌లో, 2,500 ఆర్‌పీఎం దగ్గర, రోడ్డు మీద భారంతో ఎక్కుతున్నప్పుడు ట్రిమ్ ఎలా మారుతోందన్నదే లోపం ఎక్కడుందో చూపుతుంది.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, వేగం పెంచగానే 3, 4కు దిగితే సెన్సర్ తర్వాత ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. పగిలిన వాక్యూమ్ గొట్టం, ఎండిన మానిఫోల్డ్ గాస్కెట్ వంటివి కారణాలు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, అందులో దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. దీనికి విరుద్ధంగా, ఐడ్లింగ్‌లో బాగుండి భారం పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే కావలసినంత పెట్రోల్ అందడం లేదు, లేదా దుమ్ముపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ గాలిని తక్కువగా చెబుతోంది. బలహీనపడిన పంపు, మూసుకుపోయిన ఫిల్టర్, ఇంజెక్టర్లు మొదటి కోవలోవి. పెట్రోల్ ఒత్తిడిని గేజ్‌తో కొలిస్తే రెండింటిలో ఏదో తేలుతుంది.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ ఒత్తిడి చూపే మ్యాప్ సెన్సర్‌తోనే నడిచే చిన్న పెట్రోల్ కార్లు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి. వాటికి పై సూత్రాన్ని అలాగే అన్వయించకూడదు. లోపలికి చొరబడ్డ గాలి మానిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది, మ్యాప్ సెన్సర్ దాన్ని చూస్తుంది, ఈసీయూ తగినంత పెట్రోల్ పోస్తుంది. ఫలితంగా ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడ్లింగ్ వేగమే పెరుగుతుంది. అమెరికన్ వర్క్‌షాప్ పుస్తకాల్లోని పట్టికలను ఇక్కడి కార్లకు అలాగే వాడితే వచ్చే చిక్కు ఇదే. వాల్వ్ టైమింగ్ తప్పినప్పుడు మాత్రం మ్యాప్ కార్లే ఎక్కువ తికమకపడతాయి. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ తగ్గడాన్ని ఎక్కువ గాలిగా భావించి అదనంగా పోస్తాయి, ట్రిమ్ మైనస్‌లోకి వెళుతుంది.

మైనస్ ట్రిమ్‌కు ఇతర కారణాలు: కారుతున్న ఇంజెక్టర్, ఎక్కువైన ఇంధన ఒత్తిడి, తెరుచుకుపోయి ట్యాంకు ఆవిర్లను ఎప్పుడూ లాగే పర్జ్ వాల్వ్, పెట్రోల్ కలిసిపోయిన ఇంజిన్ ఆయిల్.

సెన్సర్‌ను మోసపుచ్చే పరిస్థితులు

ఒక ప్లగ్ నిప్పు రాజేయకపోతే ఆ సిలిండర్‌లోని పెట్రోలూ, గాలీ కాలకుండానే బయటికి వస్తాయి. పెట్రోల్ దండిగా ఉన్నా సెన్సర్‌కు కనిపించేది ఆక్సిజనే. లీన్ అని చెబుతుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది, ట్రిమ్ ప్లస్‌కు వెళుతుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చిట్లినా, వాయువులు ఊపుగా పోయే సందుల్లో బయటి గాలి లోపలికి పీల్చుకుని అదే భ్రమ కలుగుతుంది. పి0171 రాగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చడం మన గ్యారేజీల్లో తరచూ జరిగే వృథా ఖర్చు. ఎక్కువసార్లు ఆ కోడ్ సెన్సర్ నిజం చెప్పిందనడానికే గుర్తు.

నాలుగు సిలిండర్లకు కలిపి ఒకే సెన్సర్ ఉన్నప్పుడు అది చూసేది సగటును. ఒక ఇంజెక్టర్ మూసుకుపోతే ఈసీయూ నాలుగింటికీ పెంచుతుంది. సగటు సరిపోతుంది గానీ ఒక సిలిండర్ లీన్‌గా, మిగతా మూడూ రిచ్‌గా నడుస్తుంటాయి. ట్రిమ్ మామూలుగా ఉన్నా ఇంజిన్ వణికే సందర్భాల్లో దీన్ని అనుమానించాలి.

సెన్సర్ నిజంగానే పాడయ్యేది వయసుతో, మసితో, లేదా విషపదార్థాలతో. సిలికాన్ సీలెంట్ ఆవిర్లు, ఇంజిన్‌లోకి కారిన కూలెంట్, ఆయిల్‌లోని భాస్వరం దాని పూతను కప్పేస్తాయి. అప్పుడు ఊపు మందగిస్తుంది, పి0133 అందుకు వచ్చే కోడ్. హీటర్ సర్క్యూట్‌కు పి0135. సెన్సర్ బతికే ఉందో లేదో తేల్చడానికి ఇంజిన్‌లోకి కొద్దిగా ప్రొపేన్ వదిలి వోల్టేజీ వెంటనే లేస్తుందో, తర్వాత ఒక వాక్యూమ్ గొట్టం ఊడదీసి వెంటనే పడుతుందో చూస్తారు.

ఎథనాల్ కలిసిన పెట్రోల్

ఎథనాల్ బరువులో మూడో వంతు పైగా ఆక్సిజనే. 10 శాతం కలిపిన పెట్రోల్‌కు సరైన నిష్పత్తి సుమారు 14.1, 20 శాతం కలిపిన ఇ20కి సుమారు 13.5. అంటే ఒకే గాలికి మునుపటికన్నా ఎక్కువ ఇంధనం పోయాలి. ఇ10కు తగ్గట్టు లెక్క రాసుకున్న కారులో ఇ20 పోస్తే ట్రిమ్ సుమారు 4 శాతం, ఎథనాల్ లేని పెట్రోల్‌కు రాసుకున్న పాత కారులో 7, 8 శాతం పైకి లేవాలి. ఇది లోపం కాదు. అయితే ఫిల్టర్ మూసుకుపోవడం వల్ల అప్పటికే ప్లస్ 15లో ఉన్న కారుకు ఈ కొద్దిపాటి పెరుగుదలే చెక్ ఇంజిన్ లైట్ వెలిగించవచ్చు, నేరం మొత్తం పెట్రోల్ మీద పడుతుంది. మన దేశంలో ఇ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, కాబట్టి అంతకుముందు రాసుకున్న ట్రిమ్‌లతో నేటివి పోల్చేటప్పుడు ఈ తేడా తీసివేయాలి.

ఈ గుణాన్నే బ్రెజిల్ పనికి పెట్టుకుంది. 2003లో అక్కడ వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ టోటల్ ఫ్లెక్స్ ట్యాంకులో ఎథనాల్ ఎంతుందో ప్రత్యేక సెన్సర్ లేకుండా, ఆక్సిజన్ సెన్సర్ కోరిన సవరణను బట్టే పసిగట్టేది.

సీఎన్‌జీ కిట్లు

తరువాత బిగించే సీక్వెన్షియల్ కిట్‌లో గ్యాస్ కంప్యూటర్, పెట్రోల్ ఈసీయూ ఇచ్చే ఇంజెక్టర్ సమయాన్ని తీసుకుని ఒక గుణకంతో హెచ్చించి గ్యాస్ వదులుతుంది. కిట్ ట్యూనింగ్ సరిగ్గా ఉంటే పెట్రోల్ మీద ఉన్న ట్రిమ్, గ్యాస్ మీదకు మారాక కూడా దాదాపు అంతే ఉండాలి. గుణకం తక్కువైతే పెట్రోల్ ఈసీయూ ప్లస్‌కు నేర్చుకుంటుంది, గ్యాస్ అయిపోయి పెట్రోల్‌కు మారగానే ఆ పాఠంతో రిచ్‌గా పోసి బండి జర్కులిస్తుంది. అందువల్ల పెట్రోల్ మీద ట్రిమ్‌లు కుదుటపడకముందే గ్యాస్ కిట్ ట్యూనింగ్ చేయించడం దండగ.

వెనుక సెన్సర్, ఉద్గార తనిఖీ

కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ లీన్ క్షణాల్లో ఆక్సిజన్‌ను దాచుకుని, రిచ్ క్షణాల్లో విడుదల చేస్తుంది. అందుకే ముందు సెన్సర్ ఎంత ఊగినా వెనుకది 0.6, 0.7 వోల్టుల దగ్గర నిదానంగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే కన్వర్టర్ దాచుకునే శక్తి కోల్పోయినట్టు, పి0420 వస్తుంది. చాలా కార్లలో వెనుక సెన్సర్ మిశ్రమాన్ని అతి స్వల్పంగా సవరిస్తుంది కూడా. ప్లస్ 20, మైనస్ 20 ట్రిమ్‌లకు దాన్ని బాధ్యురాలిని చేయడం మాత్రం తగదు.

బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్ల కాలుష్య తనిఖీలో ఇంజిన్‌ను 2,500 ఆర్‌పీఎం ప్రాంతంలో నడిపి కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు లామ్డానూ కొలవాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ వేరే విలువ చెప్పకపోతే అది 1కి 0.03 అటూ ఇటూ ఉండాలి. ట్రిమ్ ప్లస్ 15 ఉన్నా క్లోజ్డ్ లూప్ సరిగ్గా నడుస్తుంటే ఈ పరీక్షలో కారు నెగ్గుతుంది. సైలెన్సర్ పైపుకు చిల్లుపడిన కారు, లోపలికి చేరిన గాలి వల్ల, ట్రిమ్ సున్నా ఉన్నా తప్పుతుంది.